నాన్నకి అటాక్సియా: ఇదే జబ్బు ఉన్నవాళ్లని మన దగ్గర ఎలా కలవాలి?

ప్రశ్న (ఒంగోలు నుంచి)

నాన్నకి 52 ఏళ్లు. కొంతకాలంగా నడిస్తే తూలుతున్నారు, మాట ముద్దగా వస్తోంది. జన్యు పరీక్షలో ఎస్‌సీఏ2 అని తేలింది. అంటే అటాక్సియాలో ఒక రకం, చిన్నమెదడు దెబ్బతిని నడక, మాట అదుపు తప్పే జబ్బు. దీన్ని నయం చేసే మందు లేదు, ఫిజియోథెరపీ మానకండి అన్నారు డాక్టర్‌గారు. బజారుకి వెళ్తే పొద్దున్నే తాగొచ్చాడని నవ్వుతున్నారని నాన్న గడప దాటడం మానేశారు. ఇదే జబ్బు ఉన్న మనిషితో ఒక్కసారి మాట్లాడిస్తే కాస్త ధైర్యం వస్తుందేమోనని ఆశ. మన వైపు గ్రూపులేమైనా ఉన్నాయా?

జవాబు (హైదరాబాద్ నుంచి)

మా ఆయనకి ఎస్‌సీఏ1 అండీ. మీ నాన్నగారి బాధ నాకు బాగా తెలుసు. ముందు ఒక మాట. ఎస్‌సీఏ2 అని వెతికితే మీ జిల్లాలో ఎవరూ దొరక్కపోవచ్చు. అటాక్సియా అని వెతకండి. ఎస్‌సీఏ పక్కన నంబరు ఏదైనా, పడిపోకుండా నడవడం, పొలమారకుండా తినడం, చేస్తున్న పని నిలుపుకోవడం, ఇంట్లో పడే అవస్థ చాలావరకు ఒకటే. హైదరాబాద్‌లో మొదలైన 'సీక్ ఎ మిరకిల్ అటాక్సియా గ్రూప్' ఉంది, సమాగ్ అంటారు. ముందు వాళ్లకి రాయండి. సెప్టెంబర్ 25 అంతర్జాతీయ అటాక్సియా దినం. ఆ తేదీ దగ్గర్లో అందరూ కలిసే కార్యక్రమం ఏమైనా ఉందేమో అడగండి.

రెండోది, నిమ్స్ న్యూరాలజీ ఓపీకి గానీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీకి (జన్యు పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గానీ వెళ్తే జెనెటిక్ కౌన్సెలింగ్ (వంశపారంపర్య జబ్బుల గురించి సలహా) చేసేవాళ్లతో మాట్లాడండి. వేరే పేషెంట్ల ఫోన్ నంబర్లు వాళ్లు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీ నంబరే కాగితం మీద రాసిచ్చి, "ఇలాంటి కుటుంబం వస్తే, వాళ్లకి ఇష్టమైతే మాకు ఫోన్ చేయమనండి" అని చెప్పండి. మాకు గుంటూరు కుటుంబం అలాగే పరిచయమైంది. ఒంగోల్లో మీ ఫిజియోథెరపిస్టుకి కూడా ఇదే చెప్పి పెట్టండి.

ఆ గుంటూరు ఆయన్ని కలిసిన రోజు మా ఆయన పెద్దగా మాట్లాడలేదు. గుంటూరాయన నీళ్లు తాగడం మాత్రం చూశారు. మోచేతులు బల్లకి ఆనించి, సగమే నింపిన బరువైన స్టీలు గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, గడ్డం కిందికి వంచి చిన్న గుక్కలుగా తాగారాయన. మర్నాడు మా ఇంట్లో ఈయనా అలాగే మొదలుపెట్టారు. అదే మాట అంతకుముందు నేను చెబితే విసుక్కునేవారు. (గడ్డం వంచడం అందరికీ సరిపడదట, మీరు స్పీచ్ థెరపిస్టుకి చూపించాకే చేయించండి.)

ఇంకోటి, ఇది వంశపారంపర్యంగా వచ్చేది. పిల్లల్లో ఒక్కొక్కరికీ 50 శాతం అవకాశం ఉంటుంది. ఇంట్లో పెళ్లి కావాల్సినవాళ్లు ఉంటే, వాళ్లని అడక్కుండా ఇంటిపేరు, ఊరు, రిపోర్టు ఫొటోలు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి.

జవాబు (విజయవాడ నుంచి)

నేను ఫిజియోథెరపిస్టుని. గ్రూపుల్లో చేరగానే స్టెమ్ సెల్ చికిత్స అంటూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, లక్షలు అడుగుతారు. అటాక్సియాకి మన దేశంలో దానికి ఆమోదం లేదు. అనుమతి ఉన్న పరిశోధనలో తప్ప చేయకూడదు, దానికి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు.

సచివాలయంలో సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష) స్లాట్ కూడా బుక్ చేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో దీర్ఘకాలిక నాడీ సంబంధ వ్యాధులూ ఉన్నాయి. క్యాంపు దగ్గర వరుసలో కూర్చున్నవాళ్లతో మాట కలపండి. జబ్బు వేరైనా, ర్యాంపు ఎవరు కడతారు, వాకర్ ఎక్కడ చవక అన్నవి వాళ్లకే తెలుస్తాయి.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్సండీ. సమాగ్ వాళ్లకి ఈ రాత్రే రాస్తాను. ఒకటే టెన్షన్, ఫోన్లో నాన్న మాట అవతలివాళ్లకి అర్థం కాదు. వాళ్లు రెండుసార్లు "ఆఁ?" అంటే నాన్న ఫోన్ పెట్టేస్తారు.

జవాబు (హైదరాబాద్ నుంచి)

వీడియో కాల్ చేయించండి, పెదాలు కనిపిస్తే సగం అర్థమవుతుంది. అలసట లేని పొద్దుటి పూట పెట్టుకోండి. మీరు పక్కనే ఉండండి గానీ ఆయన మాట మీరు పూర్తి చేయకండి. అవతలివాళ్లకీ అదే జబ్బు కదా, తొందరపెట్టరు. నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారం మా ఆయనతో మాట్లాడిద్దాం.