కోసుగా ఉన్న ముక్కలు అతుక్కున్న రాయి: బ్రెచియాయేనా?

గుట్టలదారి
మా ఊరి గ్రానైటు నేలలో ఒక పలుగురాతి గుట్ట గోడలా సాగి ఉంటుంది. దాని అంచున పిడికెడంత రాయి దొరికింది. గులాబీ రంగు గ్రానైటు ముక్కలు, గోరంత నుంచి బొటనవేలంత, అన్నీ కోసుగా ఉన్నాయి. వాటి మధ్య తెల్లటిదేదో నిండి ఉంది. ఇంట్లో అందరూ పాత కాంక్రీటు పెళ్ల అంటున్నారు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

రాళ్లసంచి
ముందు ఇనుప మేకుతో ఆ తెల్లభాగాన్ని గట్టిగా గీయండి. సిమెంటైతే పొడి రాలుతుంది. పలుగురాయైతే మేకే అరిగి దానిమీద బూడిదరంగు గీత మిగులుతుంది. పలుచని ఆమ్లం చుక్క వేసినా సిమెంటు పొంగుతుంది.

నాపరాతి అరుగు
ఆమ్లం ఒక్కటే చాలదండీ. సున్నపురాయి ముక్కలను కాల్సైటు అనే సున్నపు ఖనిజం అతికించిన అసలైన బ్రెచియా కూడా బుసబుసా పొంగుతుంది. నేను అలాంటి మంచి రాయిని కాంక్రీటనుకుని పారేశాను. ఆ బాధ ఇంకా ఉంది.

ముక్కల అంచులు చూడండి. ఏటిలో దొర్లిన రాయి మూలలు అరిగి గులకరాయి అవుతుంది. అలాంటి గులకలు అతుక్కుంటే కాంగ్లోమరేట్. పూర్వం వజ్రాల కోసం తవ్విన బనగానపల్లె రాయి ఆ కోవలోదే. కంకరలా మూలలు పదునుగా ఉంటే బ్రెచియా. ముక్కలు 2 మిల్లీమీటర్ల కంటే పెద్దవిగా ఉండాలి. పదును పోలేదంటే అవి పుట్టినచోటి నుంచి ఎక్కువ దూరం వెళ్లలేదన్నమాట.

భూమిపాఠం
ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఈ పాఠం చెబుతున్నాను. బ్రెచియా అని పేరు పెట్టడం సులువు, ఎలా పుట్టిందో చెప్పడమే కష్టం. కొండచరియ కింద రాలిన రాళ్లు అతుక్కున్నా, అగ్నిపర్వతం పేలినా, గుహ పైకప్పు కూలినా కోసు ముక్కలే వస్తాయి. మీ రాయిని తడిపి, పక్కపక్క ముక్కలను భూతద్దంతో చూడండి. విరిగిన పెంకుల్లా ఒకదాని అంచు మరొకదానికి సరిపోతే, అవి ఉన్నచోటే పగిలాయి. భ్రంశం, అంటే నేలలోని పెద్ద పగులు, వెంట నేల కదిలినప్పుడు గ్రానైటు నలుగుతుంది, ఆ పగుళ్లలోకి సిలికా కలిసిన వేడినీరు చేరి పలుగురాయిగా గడ్డకడుతుంది. మీరు చెప్పిన గుట్ట వరుసను బట్టి నాకు ఇదే అనిపిస్తోంది.

దూరదేశపు రాయి
నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడి నార్డ్‌లింగెన్ చర్చిని సువైట్ అనే బ్రెచియాతో కట్టారు. చాలాకాలం దాన్ని అగ్నిపర్వతపు రాయే అనుకున్నారు. 1960లో షూమేకర్, చావో అనే శాస్త్రవేత్తలు అందులో కోయెసైట్ గుర్తించారు. అది విపరీతమైన ఒత్తిడిలో పుట్టే సిలికా ఖనిజం. దాంతో ఆ ఊరున్న, సుమారు 24 కిలోమీటర్ల వెడల్పున్న పల్లం ఉల్కాపాతంతో ఏర్పడిందని తేలింది. ఆ గోడను తాకినప్పుడు నా ఒళ్లు జలదరించింది. మన దేశంలో లోనార్ సరస్సు దగ్గర కూడా ఉల్క దెబ్బకు నల్లరాయి నలిగి ఏర్పడిన బ్రెచియా ఉంది. అపోలో 16 చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్లలోనూ ఎక్కువ భాగం బ్రెచియాలే.

గుట్టలదారి
అందరికీ కృతజ్ఞతలు. మేకు గీత బూడిదరంగులో మిగిలింది, పొడి రాలలేదు. తడిపి చూస్తే, సన్నని తెల్లచారకు అటూ ఇటూ ఉన్న రెండు గులాబీ ముక్కల అంచులు అచ్చంగా సరిపోయాయి. ఒకదానిలో సగం తెగిన నల్లటి అభ్రకపు రేకుకు మిగతా సగం అవతలి ముక్కలో ఉంది.

భూమిపాఠం
ఆ రేకు కనిపించేలా దగ్గరగా ఒక ఫోటో తీసి పెట్టండి, మా పిల్లలకు చూపిస్తాను. ఈసారి గుట్టకు వెళ్లినప్పుడు నున్నగా మెరిసే రాతి ముఖం మీద ఒకే దిశలో సాగిన గీతలున్నాయేమో వెతకండి. నేల ఎటు జరిగిందో అవి చెబుతాయి.