చిన్న మెస్సుకి ఒక స్టార్ ఇవ్వడం తప్పా?

పులిహోర దోశె
మనలో చాలామందికి ఉన్న పిచ్చే నాదీ, వీకెండ్ వస్తే ఏదో ఒక కొత్త చోట తినడం, గూగుల్ మ్యాప్స్‌లో నాలుగు ఫొటోలు పెట్టి రివ్యూ రాయడం. మొన్న హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ వైపు ఒక సందులో ఆంధ్రా మెస్‌కి వెళ్ళాం, పేరు అనవసరం. ప్లేట్ మీల్స్ 120. పప్పు బానే ఉంది, గోంగూర పచ్చడి అయితే నిజంగా బావుంది, కానీ సాంబారు పులిసిపోయింది. మరగబెట్టి పోశారేమో మొదటి ముద్దకి తెలీలేదు, రెండో ముద్దకి నాలుక జివ్వుమంది, గిన్నెలోకి చూస్తే మునక్కాడ ముక్క చుట్టూ సన్నగా నురగ. చెప్తే వడ్డించే అబ్బాయి "పొద్దున పెట్టిందే సార్" అంటూ ఇంకో గరిటె పోయబోయాడు. ఇంటికొచ్చి ఒక స్టార్ ఇచ్చి, ఫొటోతో సహా ఉన్నది ఉన్నట్టు రాశా. దాని కింద ఓనర్ రిప్లై, "దయచేసి తీసెయ్యండి సార్, కొత్తగా పెట్టుకున్నాం" అని. మా రూమ్మేట్ అయితే వాళ్ళ కడుపు కొట్టావ్ కదరా అంటాడు. నా లెక్కలో డబ్బులిచ్చి తిన్నా, తిన్నదే రాశా. మీరేమంటారు?

మియాపూర్ మల్లన్న
ఏం తప్పు లేదన్నా, మంచిగ జేసినవ్. 120 నీవి, కడుపు నీది. 2024ల ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్‌ వాళ్ళు హైదరాబాద్ మొత్తం తిరిగి కిచెన్‌ల ఫొటోలు ఎక్స్‌ల పెట్టిన్రు గుర్తుందా, డేట్ అయిపోయిన సరుకు, ఫ్రిజ్‌ల లేబుల్ లేని డబ్బాలు, బొద్దింకలు, పెద్ద పెద్ద పేర్లున్న హోటల్లల్లనే అట్ల ఉంటే సందుల ఉన్న మెస్ల లోపల ఏముందో ఎవ్వడు జూసిండు. అదే ఏడు అక్టోబర్ ఆఖర్ల పచ్చిగుడ్డుతోని జేసే మయోనీస్‌ని గవర్నమెంటు ఏడాది దాక బంద్ వెట్టింది, ఎందుకు? మోమోలు తిని మనిషి పాణమే పోయింది గాబట్టి. చిన్నోడు, పెద్దోడు అని కడుపుకు తెల్వదు. రివ్యూ తియ్యకు.

గోదారి గట్టు
మా నాన్నగారు రాజమండ్రిలో చాలా ఏళ్ళు మెస్ నడిపేరండి, కాబట్టి నేను ఒక పక్షం మాట్లాడతాను, ముందే చెప్పేస్తున్నా.

పులిసిన సాంబారు పొయ్యడం తప్పే, దాన్ని వెనకేసుకురావట్లేదు. కానీ లెక్క చూడండి. కొత్త మెస్‌కి పన్నెండు రివ్యూలు ఉన్నాయనుకోండి, సగటు 4.5. మీ ఒక్క స్టార్ పడగానే 4.2. అదే పదివేల రివ్యూలున్న బిర్యానీ హోటల్‌కి మీరు కాదు, మీ ఆఫీసు మొత్తం కలిసి ఒక్కో స్టార్ ఇచ్చినా అంకె కదలదు. అంటే ఒకే తప్పుకి ఒకళ్ళకి చీమ కుట్టినట్టు, ఇంకొకళ్ళకి నడుం విరిగినట్టు. కొత్త చోటు వెతికేవాళ్ళు చాలామంది 4 కి పైన ఉన్నవే చూస్తారు, మీరు మాత్రం చూడరా ఏంటి?

ఇంకోటి, మెస్ లోపల ఏం జరుగుద్దో బయటోళ్ళకి తెలీదు. పంతొమ్మిది కేజీల సిలిండర్ మధ్యాహ్నం పన్నెండింటికి అయిపోతే రెండోది రావడానికి అరగంట, వంటమనిషి చెప్పకుండా ఊరెళ్ళిపోతే ఆ పూట ఇంట్లో ఆడవాళ్ళే గరిటె పట్టాలి, ఉదయం ఐదింటికి దించిన సాంబారు మూత పెట్టేసి ఉంచితే ఎండాకాలం మధ్యాహ్నానికే పులుస్తుంది. ఆ అబ్బాయి "పొద్దున పెట్టిందే" అన్నది అబద్ధం కాకపోవచ్చండి. కౌంటర్ దగ్గర ఉన్నాయనకి ఒక మాట చెప్పుంటే ఆ గిన్నె అక్కడికక్కడ పారబోసేవాడు, మీ వెనకాల తిన్నోళ్ళు కూడా బాగుపడేవోళ్ళు.

మియాపూర్ మల్లన్న
సిలిండర్ అయిపోతే సాంబార్ పారబోయొద్దని రూల్ ఉందా గోదారి గారూ 😄 మీ నాయిన మంచోడే గావచ్చు, అందరు మీ నాయినలెక్క ఉండరు గదా.

ఇర్వింగ్ ఇడ్లీ
ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల తెలుగు రెస్టారెంట్ల మీద కూడా ప్రతి వారం ఇదే గొడవ. గోదారి గారు చెప్పిన లెక్కకి దగ్గరగా ఒక పరిశోధన ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైఖేల్ లూకా అనే ఆయన 2011లో సియాటెల్ రెస్టారెంట్ల అమ్మకాల లెక్కలూ, యెల్ప్ అనే రివ్యూల సైట్‌లోని రేటింగులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరిగింది. అసలు విషయం ఏంటంటే ఆ ప్రభావం సొంతంగా నడుపుకునే హోటళ్ళ మీదే కనిపించింది, చైన్ రెస్టారెంట్ల మీద లేదు. మెక్‌డొనాల్డ్స్‌కి వెళ్ళేవాడు రివ్యూ చూసి వెళ్ళడు కదా, ఏం దొరుకుతుందో ముందే తెలుసు.

దీన్ని రెండు వైపులా చదవొచ్చు. మన రివ్యూ దెబ్బ తగిలేది చిన్నోళ్ళకే, నిజం. కానీ పేరు లేని మంచి మెస్సుని పైకి లాగేది కూడా ఆ రివ్యూనే. చిన్న చోట్ల గురించి మంచి మాత్రమే రాద్దాం, చెడు వదిలేద్దాం అనుకుంటే అన్నీ 4.8 లే అవుతాయి, అప్పుడు నిజంగా శుభ్రంగా వండేవాడికి ఒరిగేదేముంది?

చిట్టి గారె
కాకినాడ నుంచి. నేను కూడా హోటళ్ళ గురించి రాస్తుంటాను, మా ఆయన నా కెమెరా అయ్యేదాకా ముద్ద ముట్టుకోకుండా కూర్చుంటారు పాపం.

నా పద్ధతి చెప్తా, నచ్చితే తీసుకోండి. పాడైపోయింది, వెంట్రుక వచ్చింది, కంచం జిడ్డుగా ఉంది, ఇవి మాత్రం ఎవరైనా సరే రాసేస్తా, బండైనా స్టార్ హోటలైనా. రుచి సంగతి వేరు. ఒకాయన కాకినాడలో ఒక హోటల్‌కి చారు పల్చగా ఉందని రెండు స్టార్లు ఇచ్చాడు. చారు పల్చగా కాక పాయసంలా ఉంటుందా? ఇంకొకరు ఒక తెలంగాణ మెస్‌కి "రసం చల్లగా ఇచ్చారు, వేడి చేయమంటే నవ్వారు" అని ఒక స్టార్. అది పచ్చి పులుసు నాయనా, దాన్ని పొయ్యి మీద పెట్టరు. ఏసీ లేదు, పార్కింగ్ లేదు అని 80 రూపాయల మీల్స్‌కి రాసేవాళ్ళ గురించి అసలు మాట్లాడను.

కాబట్టి పులిహోర గారూ, పులిసిన సాంబారు గురించి రాయడం వరకు నేను మీ వైపే. కానీ పప్పు బావుంది, గోంగూర నిజంగా బావుంది అని ఇక్కడ మాకు చెప్పారు, అది మీ రివ్యూలో ఉందా?

పులిహోర దోశె
ఉంది, ఆఖరి లైన్లో. కానీ స్టార్ ఒకటే.

చిట్టి గారె
మరి ఆఖరి లైను దాకా ఎవరు చదువుతారండీ.

నూనె డబ్బా
పులిహోర బ్రో అడక్కూడదు గానీ, ఈ రివ్యూలు గూగుల్ మ్యాప్స్ ఇచ్చే పాయింట్ల కోసమా? రివ్యూకి పది పాయింట్లు, రెండొందల అక్షరాలు దాటితే ఇంకో పది, ఫొటోకి ఐదు. లక్ష పాయింట్లకి లెవెల్ టెన్. నాకు తెలిసినోడు ఒకడు ఏటీఎంకి, బస్టాపుకి, శ్మశానానికి కూడా రివ్యూ రాశాడు, "ప్రశాంతమైన వాతావరణం" అని 🤣

పులిహోర దోశె
పాయింట్లు వస్తాయి, వద్దంటానా? కానీ దాంతో టీ కూడా రాదు. నా జేబులోంచి పెట్టుకుని తిని రాస్తున్నా, ఎవరి దగ్గరా ఫ్రీగా తినలేదు. ఇన్‌స్టాలో "అదిరిపోయింది మామా" అని కళ్ళు మూసుకుని తలూపే బ్యాచ్‌ని వదిలేసి నన్నడుగుతారేంటి.

నూనె డబ్బా
ఆ బ్యాచ్ దగ్గరికే వస్తున్నా. అందరూ తిట్టే రివ్యూ గురించే మాట్లాడుతున్నారు, పొగిడే రివ్యూ చేసే డ్యామేజీ ఎవరూ చెప్పట్లేదు. మాదాపూర్‌లో కుమారి ఆంటీ సంగతి మర్చిపోయారా? ఏళ్ళ తరబడి ప్రశాంతంగా అమ్ముకున్న బండి, వీడియోలు వైరల్ అయ్యాక జనం ఎగబడి రోడ్డంతా జామ్, 2024 జనవరి చివర్లో ట్రాఫిక్ పోలీసులు బండి తీయించేశారు. ఆఖరికి ముఖ్యమంత్రే కలగజేసుకుంటే మళ్ళీ పెట్టుకుంది. అందరి బండ్లకీ ముఖ్యమంత్రి రాడుగా. వీడియో వచ్చిన వారం వంద ప్లేట్లు వండే చోట ఐదొందల మంది వస్తే అన్నం ఉడికీ ఉడక్కుండా పెడతారు, పాత కస్టమర్ విసిగి మానేస్తాడు, నెల తర్వాత కొత్తోళ్ళు కూడా ఉండరు.

డబ్బు తీసుకుని చేసే వీడియోల మీద అయితే రూల్ ఉంది, ప్రకటన అయితే ప్రకటన అని కనపడేట్టు చెప్పాలి. ప్రకటనల మీద కన్నేసి ఉంచే ఆస్కీ సంస్థ వాళ్ళు 2021లో పెట్టారు, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మళ్ళీ గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఫ్రీగా తిన్నది కూడా అందులోకే వస్తుంది. మన ఫుడ్ వీడియోల్లో ఆ ముక్క ఎన్నిసార్లు చూశారు మీరు?

శంకర శాస్త్రి, రిటైర్డ్
పిల్లలూ, మా రోజుల్లో ఈ నక్షత్రాలు లేవు. విజయవాడలో బాబాయ్ హోటల్ ఇడ్లీ గురించి ఎవడు రివ్యూ రాశాడని జనం వెళ్ళారు? ఇడ్లీ మీద వెన్న పెట్టి ఇస్తే తిన్నవాడు పక్కవాడికి చెప్పాడు, అంతే. బాగోకపోతే సర్వరుని పిలిచి "ఏమోయ్, ఇదేంటి" అంటే మారుస్తారు, లేకపోతే మర్నాడు మానేస్తాం. ఫొటో తీసి ఊరంతా చాటడం ఏమి మర్యాద? మిషెలిన్ గైడ్ వాళ్ళు హోటళ్ళకి స్టార్లు ఇచ్చేది 1926 నుంచి, వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు ఎవరో చెప్పరు, బిల్లు కట్టి తింటారు, ఒక్కసారి తిని తేల్చేయరు కూడా. మీరు ఒక్క పూట సాంబారుతో తీర్పు ఇచ్చేస్తున్నారు.

మియాపూర్ మల్లన్న
శాస్త్రి గారూ మిషెలిన్ వాళ్ళకి కంపెనీ పైసలిస్తది, మనకెవడిస్తడు సార్, సాంబార్ పులిసిందో లేదో చూసెతందుకు మళ్ళ మూడుసార్లు పోవాల్నా 😂 పక్కోనికి చెప్పుడు అంటున్నరు, హైదరాబాద్‌ల పీజీల ఉండెటోనికి పక్కోడు ఎవడో గూడ తెల్వది. వానికి పక్కోడు అంటే ఆ మ్యాపే.

ఇర్వింగ్ ఇడ్లీ
మల్లన్నా ఈ మాట బావుంది. అయితే శాస్త్రి గారు చెప్పిన "ఒక్క పూట" పాయింట్ కొట్టిపారేసేది కాదు. మ్యాప్‌లో స్టార్ పెట్టకుండా రాతలో మాత్రమే రివ్యూ పెట్టే వీలు లేదు, అదీ అసలు చిక్కు. "సాంబారు పులిసింది, పచ్చడి బావుంది, మళ్ళీ చూస్తా" అన్నది ఏ అంకె కింద రాయాలి?

గోదారి గట్టు
అదే నేను అంటున్నదండి. ఒక స్టార్ అంటే "ఇక్కడికి రావొద్దు" అని. గోంగూర బావుందన్న చోటుకి రావొద్దని ఎలా చెప్తారు? నిజంగా జనం ఆరోగ్యం మీద బెంగ ఉంటే ఫుడ్ సేఫ్టీ వాళ్ళకి కంప్లైంట్ పెట్టండి, యాప్ ఉంది. బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి, 2022 జనవరి నుంచి తప్పనిసరి. ఆ నంబరుతో పెడితే ఆఫీసర్ వచ్చి చూస్తాడు, బావుంటే బావుందంటాడు, లేకపోతే నోటీసు ఇస్తాడు. మీ స్టార్ చూసి ఎవడూ గిన్నె కడగడు.

మియాపూర్ మల్లన్న
ఇది మస్తు చెప్పినవ్ అన్నా. స్టార్ ఇస్తే పేదోని కడుపు కొట్టుడు, ఆఫీసర్‌ని తోలిస్తే పుణ్యమా? ఏది ఎక్కువ దెబ్బ?

గోదారి గట్టు
...సరే, అది నిజమే గాని, ఆఫీసర్ తేల్చాక కాయితం మీద ఉంటది కదా, బాగు చేసుకుంటే అయిపోయింది. మీ రివ్యూ ఐదేళ్ళైనా అక్కడే ఉంటది, వంటమనిషి మారినా ఓనరే మారినా.

చిట్టి గారె
దానికి మందుందండి, రివ్యూని ఎప్పుడైనా ఎడిట్ చెయ్యొచ్చు. నేను పాడైన తిండి గురించి రాసిన చోటుకి మళ్ళీ వెళ్తాను, ఆదివారం కాకుండా. ఆదివారం ఎవరి వంటింట్లోనైనా గందరగోళమే. బావుంటే స్టార్ పెంచుతా, పాత మాట తీసేయను, దాని కిందే తేదీ వేసి కొత్తది రాస్తా. బాగోకపోతే అలాగే ఉంటుంది, ఇక ఎవరు బతిమాలినా తియ్యను. ఓనర్ అడిగాడని తీసేస్తే మాత్రం తర్వాత మీరు ఎక్కడ ఏం రాసినా నమ్మబుద్ధి కాదండి, నిజంగా చెప్తున్నా.

పులిహోర దోశె
తియ్యను అని ముందే అనుకున్నా. మళ్ళీ వెళ్ళడం అంటే మాత్రం, అక్కా, ఫొటో చూసి నన్ను గుర్తుపడతారు, నాకు స్పెషల్‌గా పోస్తారు, ఆ సాంబారు చూసి ఏం రాయను?

చిట్టి గారె
పాయింటే. అయితే ఏ మెస్సో ఇన్‌బాక్స్‌లో పెట్టండి, వచ్చే నెల మా చెల్లెలింటికి నిజాంపేట వస్తున్నా, తిని చెప్తా.

మియాపూర్ మల్లన్న
అక్కా బిల్లు కట్టి తినున్రి, నేను గూడ వస్త 😄

శంకర శాస్త్రి, రిటైర్డ్
సర్వరుకి కూడా చెప్పమ్మా.