ఇలియోస్టమీ బ్యాగ్ రోజూ లీక్ అవుతోంది, అన్నయ్య చాలా ఇబ్బంది పడుతున్నాడు

ప్రశ్న:
మా అన్నయ్యకి పెద్దపేగు తీసేసి ఇలియోస్టమీ (చిన్నపేగు చివరని పొట్ట మీంచి బయటికి తీసి, మలం పడేలా బ్యాగ్ అతికించడం) పెట్టి రెండు నెలలైంది, మొదట్లో బానే ఉంది కానీ ఇప్పుడు బ్యాగ్ రోజూ లీకై చుట్టూ చర్మం ఎర్రగా పుండులా అయిపోయింది, పైగా ఎన్ని నీళ్లు తాగినా నోరెండిపోతోంది పిక్కలు పట్టేస్తున్నాయి అంటున్నాడు. మనుషుల్లోకి రావడమే మానేశాడు. తర్వాత లోపలే పౌచ్ (సంచి) చేస్తామన్నారు, చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు 1:
ముందు స్టోమా (పొట్ట మీద బయటికి తీసిన పేగు చివర) కొలత మళ్లీ తియ్యండి. ఆపరేషన్ అయ్యాక 6-8 వారాల్లో వాపు తగ్గి అది చిన్నదవుతుంది, మనమేమో బ్యాగ్ రంధ్రాన్ని పాత సైజుకే కత్తిరిస్తుంటాం, ఆ సందులోంచి ద్రవం చర్మం మీద పడి కాల్చేస్తుంది. రంధ్రం స్టోమా కన్నా 2-3 మిల్లీమీటర్లే ఎక్కువుండాలి. బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యాలి, లేకపోతే బరువుకి ఊడుతుంది. నాకూ ఇదే అయ్యింది, స్టోమా నర్సు దగ్గరుండి చూపించాకే తగ్గింది.

జవాబు 2:
నాకు ఆ పిక్కలు పట్టెయ్యడమే భయంగా ఉందండీ. నీళ్లూ ఉప్పూ పీల్చుకునే పెద్దపేగు లేదు కదా, ఉత్త నీళ్లే ఎక్కువ తాగితే ఉప్పు ఇంకా పోతుంది. ఓఆర్ఎస్ ఎంత తాగాలో డాక్టర్ని ఈరోజే అడగండి. బ్యాగ్‌లోకి రోజుకి లీటరున్నర దాటి వస్తున్నా, మూత్రం తగ్గినా, కళ్లు తిరిగినా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి.

జవాబు 3:
నాకు జే-పౌచ్ చేసి 4 ఏళ్లు. చిన్నపేగు చివరనే సంచిలా కుడతారు, బయట బ్యాగ్ ఉండదు. రోజుకి 6 సార్లు వెళ్తాను, ఒకసారి పౌచైటిస్ (ఆ సంచికి వాపు) వస్తే యాంటీబయాటిక్స్‌తో తగ్గింది. అన్నయ్యని నాకు మెసేజ్ చెయ్యమనండి, ఎంతసేపైనా మాట్లాడతాను.