నోబెల్ వచ్చిన ఎంఓఎఫ్ పొడి మన ఫ్లోరైడ్ నీళ్లకు పనికొస్తదా?

మునుగోడు పోరడు:
2025 కెమిస్ట్రీ నోబెల్ కితగావా, రాబ్సన్, యాఘీలకు ఎంఓఎఫ్‌ల (మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌ల) మీదనే వచ్చింది కదా. లోహం, కర్బన అణువులు కలిపి అల్లిన సన్న రంధ్రాల పొడి అంట, ఎడారి గాలిలకెల్లి కూడా నీళ్లు తీస్తదంట. రెండు డౌట్లు. మన దగ్గర మే నెలల అది పనిచేస్తదా? ఆ పొడినే ఫిల్టర్ల పోస్తే ఫ్లోరైడ్ పోతదా? బోరు నీళ్ల రిపోర్టు: లీటరుకు ఫ్లోరైడ్ 3, ఆల్కలినిటీ (బైకార్బొనేట్ లాంటి క్షారం లెక్క) 400 మిల్లీగ్రాములు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాని రోజు ఆ బోరే దిక్కు.

పాలమూరు పంతులు:
మొదటి డౌటుకు లెక్క చెప్త. 40 డిగ్రీల ఎండ, 25 శాతం తేమ ఉంటే ఘనపు మీటరు గాలిల నీటి ఆవిరి 13 గ్రాములు. అండ్ల సగం పట్టినా, లీటరు నీళ్లకు 150 ఘనపు మీటర్లకు పైన గాలిని పొడి మీదికెల్లి తోలాలె. పొడి మాత్రం మంచిదే. అల్యూమినియంతో చేసిన ఎంఓఎఫ్-303 తేమ 20 శాతమే ఉన్నా నీళ్లు పట్టుకుంటది. 2019ల యాఘీ బృందం మొహావీ ఎడారిల కిలో పొడికి రోజుకు 0.7 లీటరు తీసింది. ఇంటికి తాగెతందుకు 12 లీటర్లు కావాలంటే 17 కిలోల పొడి, ఫ్యాన్లు, వేడి చేసే ఏర్పాటు అన్నీ ఉండాలె. లీటరు నీళ్లు విడిపించనీకే, కరెంటు లెక్కల చెప్పాలంటే, కనీసం 0.7 యూనిట్ల వేడి పడ్తది. ఎండతోని నడిపేటట్లయితే రాత్రి పట్టి పగలు విడిపించుడే మేలు, ఎందుకంటే తేమ పట్టేటప్పుడు పొడి తనే వేడెక్కుతది, చల్లగాలి లేకుంటే పట్టుడు తగ్గుతది. మన దుమ్ముకు ముందల ఫిల్టర్ తప్పదు.

నల్లగొండ కెమిస్ట్:
రెండోది నేను చెప్త. ఆ పొడిని బోరు నీళ్లల్ల వెయ్యకు. ఫ్లోరైడ్‌కు అల్యూమినియం అంటే ప్రాణం, అది పొడి చట్రంలకెల్లి అల్యూమినియాన్ని గుంజుకొని నీళ్లల్ల కలపొచ్చు. పైగా మన నీళ్లల్ల బైకార్బొనేట్ ఎక్కువ, అది కూడా పోటీకొస్తది. తమాషా ఏందంటే, నాగపూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్లు మన ఊరి పేరుతోనే పెట్టిన పాత నల్లగొండ పద్ధతిల పనిచేసేది కూడా అల్యూమినియమే.

నీ రిపోర్టుకు లీటరుకు 400 మిల్లీగ్రాముల పటిక సరిపోతది, అంటే 20 లీటర్ల బకెట్‌కు 8 గ్రాములు. సున్నం పటికల ఇరవయ్యో వంతు, 0.4 గ్రాము. అడుగుకెల్లి ఐదు సెంటీమీటర్ల పైన నల్లా ఉన్న బకెట్ తీసుకో. ముందుగాల సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ కలుపు, తర్వాత నీళ్లల్ల కరిగించిన పటిక పోయి. ఒక్క నిమిషం జోరుగ, అటెనుక పది నిమిషాలు నెమ్మదిగ తిప్పు. గంటసేపు కదపకు. నల్లాకెల్లి పట్టి గుడ్డల వడకడితే ఫ్లోరైడ్ 1 దగ్గరికి దిగుతది. అడుగున మిగిలిన మడ్డిని పశువులు తాగేకాడ పారబొయ్యొద్దు.

ఎక్కువ మంది చెడగొట్టేది రెండు కాడ. మొత్తం జోరుగ తిప్పితే దూదిలెక్క కట్టిన ముద్దలు విరిగి, పట్టిన ఫ్లోరైడ్‌తో సహా పైకి తేలి నల్లాలకొస్తయి. రెండోది, పటిక ఎక్కువైతే పీహెచ్ 6.5 కింద పడ్తది, సున్నం ఎక్కువైతే 8 దాటుతది, ఎట్లయినా అల్యూమినియం నీళ్లల్లనే మిగులుతది. ఇంకొకటి, కిరాణంల దొరికే స్ఫటిక పటిక పొటాష్‌ది, అండ్ల అల్యూమినియం తక్కువ. నేను చెప్పిన లెక్క నీళ్ల ట్యాంకులకు వాడే ఫిల్టర్ ఆలం (అల్యూమినియం సల్ఫేట్) పటికకే.

చౌటుప్పల్ అన్న:
గింత తిప్పలెందుకు, మరగబెడితే పోదా?

నల్లగొండ కెమిస్ట్:
పోదన్నా, నీళ్లు ఆవిరైతయి, ఫ్లోరైడ్ చిక్కబడ్తది. ఆర్‌ఓ అయితే తీస్తది గానీ, ఉప్పు నీళ్లు బయట పారబొయ్యాలె.

మునుగోడు పోరడు:
రంగు కిట్‌తో చూస్తే పటిక వేసినంక ఫ్లోరైడ్ 0.4 చూపిస్తుంది సార్. నమ్మొచ్చా?

నల్లగొండ కెమిస్ట్:
నమ్మకు తమ్మీ. నీళ్లల్ల మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకొని రంగుదాకా రానియ్యదు, అందుకే అసలు కంటే తక్కువ చూపిస్తది. అల్యూమినియం అడ్డురాకుండ ఆపే బఫర్ ద్రావణం కలిపి, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో చూసే ల్యాబ్‌ల చెక్ చేయించు, అల్యూమినియం కూడా అడుగు. శాంపిల్ ప్లాస్టిక్ బాటిల్లనే తీసుకపో, గాజుది వద్దు.