అప్‌డేట్: క్లచ్ పట్టినా బండి పాకడం తగ్గింది

పోయిన వారం అడిగాను కదా, బెంజ్ సర్కిల్ సిగ్నల్లో క్లచ్ పూర్తిగా పట్టినా నా స్పోర్ట్స్ బైక్ ముందుకు పాకుతోందని, న్యూట్రల్ పడట్లేదని. మీరన్నట్టు కేబులే లూజు. ఇంజిన్ ఆపి, లివర్ దగ్గర లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ని కొంచెం కొంచెంగా బయటికి తిప్పాను. ఇప్పుడు లివర్ కొస 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఖాళీగా కదిలాకే బిగువు తగులుతోంది. నా బండి మాన్యువల్లోనూ అంతే ఉంది.

మొదట మరీ బిగించేశాను. ఆటోనగర్‌లో మెకానిక్ బాబాయ్ చూసి, అలా తిప్పితే క్లచ్ జారి ప్లేట్లు కాలిపోతాయన్నాడు. హ్యాండిల్ రెండు పక్కలా చివరిదాకా తిప్పించి, కేబుల్ లాగట్లేదని చూశాకే నట్ బిగించనిచ్చాడు. లివర్ కాస్త కిందికి వంచాం, మణికట్టు నొప్పి కూడా పోయింది.

నిన్న బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ న్యూట్రల్ పడింది. అందరికీ చాలా థ్యాంక్స్.