100 ఎంబీపీఎస్ ప్లాన్, ఫోన్ల చూస్తే 30. మీరు స్పీడ్ ఎట్ల టెస్ట్ చేస్తరు?

పానగల్ రోడ్, నల్గొండ:
అన్నలు, జెర చూసి చెప్పండి. మా గల్లీల కేబుల్ ఆయన దగ్గర ఫైబర్ తీస్కొని 4 నెలలైంది, 100 ప్లాన్. మా చెల్లె హైదరాబాద్ కంపెనీకి ఇంటికాడ నుంచే పని చేస్తది, బంగ్ల మీద రూంల కూసుంటది, పొద్దుమూకినంక మీటింగ్ పెడితే మాట తెగిపోతది, మొఖం అట్లనే ఆగిపోతది. ఫోన్ల స్పీడ్ కొడ్తే 28, 32, అంతకు మించి వస్తలేదు. పిలిస్తే పిలగాడు వచ్చి మోడెం పక్కన నిలవడి ఆయన ఫోన్ల కొట్టి 96 చూపెట్టిండు, లైన్ మంచిగనే ఉంది అన్నా అని పోయిండు. 96 నేను కూడా చూసిన. మరి మీద 30 ఎందుకొస్తుంది?

జడ్చర్ల వైఫై:
మీద రూంల వచ్చేది వైఫై నంబర్ అన్నా, లైన్‌ది వేరే చూడాలె. రౌటర్ల వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్ అని ఒక బ్యాండ్, 5 గిగాహెర్ట్జ్ అని ఒక బ్యాండ్ ఉంటయి కదా. 2.4 దూరం పోతది కానీ స్పీడ్ తక్కువ, పక్కింటోళ్ళ వైఫైలు కూడా దాని మీదనే కొట్టుకుంటయి. 5 మంచి స్పీడ్, కానీ రెండు గోడలు అడ్డమొస్తే ఖతం. మాది రాతి గోడల పాతిల్లు, రౌటర్ టీవీ వెనకాల ఇనుప బీరువా పక్కన పెట్టిపోయిండ్రు, అర్రలకు పోతే ఒక్క గీత కూడా లేకుండె. తీసి దర్వాజ మీద ఎత్తుకు పెట్టినంక అర్రల 60 దాకా వస్తుంది.

మిర్యాలగూడ:
ముందుగాల వైఫై బంద్ పెట్టి లాన్ వైర్ తోని ల్యాప్‌టాప్‌కు కలిపి కొట్టండి, ఇంట్ల టీవీ, ఫోన్లు అన్నీ ఆపి. నాది 200 ప్లాన్, వైర్ పెట్టినా 94 దాటకపోతుండె, రెండు నెలలు ఊకె కొట్లాడిన. ఆఖరికి వైర్ చివరన ఉన్న క్లిప్ వెలుతురుకు పట్టి చూస్తే 8 పోగులకు 4 పోగులే ఎక్కించి ఉన్నయి, నారింజ, ఆకుపచ్చ జతలు ఉన్నయి, నీలం, గోధుమ రంగువి కోసేసిండ్రు. 4 పోగులతోని 100 వరకే నడుస్తది, గిగాబిట్‌కు, అంటే 1000 కు, 8 పోగులు కావాలె. 120 రూపాయల కొత్త వైర్ తోని పని అయిపోయింది. ఎవరికైనా నంబర్ 94, 95 కాడ గోడకు కొట్టినట్టు ఆగితే వైరన్న చూడండి, రౌటర్ పోర్ట్ 100 దేనా అన్న చూడండి.

దేవరకొండ డిగ్రీ:
అన్నా నాది కూడా 100 ప్లానే, సినిమా డౌన్‌లోడ్ పెడితే 11 అనే చూపెడ్తుంది. మోసమేనా?

మిర్యాలగూడ:
కాదు తమ్మీ. ప్లాన్ ఉండేది మెగాబిట్లల్ల, డౌన్‌లోడ్ చూపెట్టేది మెగాబైట్లల్ల. 8 బిట్లు ఒక బైట్. 100 ని 8 తోని భాగిస్తే 12.5, అందుల 11 వస్తుందంటే మంచిగనే వస్తున్నట్టు.

వనపర్తి:
ఇంకో ముచ్చట. స్పీడ్‌టెస్ట్ యాప్ దానంతట అదే దగ్గర సర్వర్ పట్టుకుంటది, అది మీ నెట్ కంపెనీ సొంత సర్వరే కావచ్చు, అప్పుడు కొలిచేది మీ ఇంటి నుంచి వాళ్ళ ఆఫీస్ దాకనే. సర్వర్ మార్చి చెన్నై, ముంబై పెట్టి కొట్టండి. ఫాస్ట్ డాట్ కామ్ కూడా కొట్టండి, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తది. మీటింగ్ ఆగుతుందంటే డౌన్‌లోడ్ ఒక్కటే చూడకండి, అప్‌లోడ్, పింగ్ (సర్వర్ దాకా పోయి మళ్ళ రానికి పట్టే టైం, మిల్లీసెకండ్లల్ల) కూడా రాస్కోండి.

పానగల్ రోడ్, నల్గొండ:
వైర్ పెట్టి చెన్నై సర్వర్ మీద మూడు రోజులు కొట్టిన. పొద్దుగాల 6 కి 95, మధ్యాహ్నం 93, రాత్రి 9 కి 38. పింగ్ పొద్దుగాల 18, రాత్రి 140. మూడు రోజులు గిదే లెక్క.

కోదాడ ఫైబర్:
పొద్దుగాల 95 వస్తుందంటే మీ ఇంటి దాకా వైర్ మంచిగనే ఉంది. రాత్రి అందరు ఒక్కసారి కూసుంటరు, మీ కేబుల్ ఆయన పై కంపెనీ దగ్గర కొన్న బ్యాండ్‌విడ్త్ సరిపోతలేదు, లేకుంటే ఒక్క పోర్ట్ మీద ఇండ్లు ఎక్కువైనయి. గీపాన్ అంటే ఒక్క ఫైబర్‌ను శానా ఇండ్లకు పంచే పద్ధతి, దాని పోర్ట్ ఒకటి ఇండ్ల దిక్కు సుమారు 2.5 గిగాబిట్లు ఇస్తది, దాన్ని 32, 64 ఇండ్లకు పంచుతరు. మా తాన వేరే తిప్పలుండె, రోడ్డు తవ్వి ఫైబర్ తెంపిండ్రు, జాయింట్ సక్కగ కొట్టలే, ఫైబర్ల వచ్చే లైట్ పవర్ మైనస్ 29 డీబీఎంకు (మైనస్ నంబర్ పెద్దగైతే లైట్ తక్కువ) పడిపోయి రోజంతా అవస్థనే. మళ్ళ జాయింట్ కొట్టినంక మైనస్ 21 కి వచ్చింది. మీది అది కాదు. టైం కనిపించేటట్టు స్క్రీన్‌షాట్లు తీసి కంప్లైంట్ పెట్టండి, నోటితోని చెప్పి ఊకోకండి, డాకెట్ నంబర్ (కంప్లైంట్ నంబర్) అడగండి. పట్టించుకోకుంటే కంపెనీ అప్పీల్ అథారిటీకి పోవచ్చు, ట్రాయ్ (టెలికాం రెగ్యులేటర్) రూల్స్‌ల ఉన్నది.

పానగల్ రోడ్, నల్గొండ:
డాకెట్ నంబర్ తీస్కున్న. 9 గంటల స్క్రీన్‌షాట్లు మూడు చూపెడితే ఈసారి పిలగాడు ఏమనలే, ఆయన ఫోన్ల ఫోటో తీస్కొని పోయిండు, వేరే పోర్ట్‌కు మారుస్తమని సాయంత్రం ఫోన్ చేసిండ్రు. బంగ్ల మీదికి వైర్ గుంజి పాత రౌటర్ పెట్టిన, పగటిపూట చెల్లె రూంల 80 పైననే వస్తుంది. పోర్ట్ మార్చినంక రాత్రి 9 కి మళ్ళ కొట్టి నంబర్ పెడ్త.