మేనల్లుడు రిలీఫ్ పిచర్ అవుతానంటున్నాడు, అందులో బతుకుతెరువు ఉందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి బస్టాండు దగ్గర మాకు టీ దుకాణం. మా అక్క కొడుకు ప్లస్ టూ పూర్తి చేశాడు. ఎడమచేతి వాటం, విసురు మహా గట్టిది. వాడు చేతిలోకి రాయి తీసుకుంటే పక్కింటివాళ్ళు పెంకులు లెక్కపెట్టుకుంటారు. మా బావ వాణ్ణి పలాసలో జీడిపప్పు వ్యాపారంలో పెట్టాలని చూస్తున్నాడు. వాడేమో ఫోనులో రింకూ సింగ్ కథ చూసిన నాటి నుంచి బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచర్, అంటే ముందు బంతి విసిరేవాడి బదులు మధ్యలో వచ్చి విసిరేవాడు, అవుతానని ఒకటే జపం. అక్క రెండు పూటలా నాకు ఫోను చేసి ఏడుస్తోంది. నేను చూసినంతలో ఆ మనిషి ఆట అంతా కూర్చుంటాడు, చివర్లో వచ్చి పదిహేను బంతులు వేసి వెళ్ళిపోతాడు. అది ఉద్యోగమేనా? దానికి అంత డబ్బు ఎందుకు ఇస్తారు? తెలిసినవారు చెప్పండి.

వంశధార గట్టు (గుణుపురం):

రింకూ అంటే ఆఖరి ఓవర్లో ఐదు సిక్సర్లు కొట్టిన అలీగఢ్ అబ్బాయి కదా? అతను బేస్‌బాల్ ఎప్పుడు ఆడాడు?

డ్రిల్లు మాస్టారు (రాయగడ):

ఆ రింకూ వేరు, ఈ రింకూ వేరు. ఇతనిది కాశీ వైపు పల్లె, ఈటె విసిరేవాడు. 2008లో ఒక అమెరికన్ ఏజెంటు మన దేశంలో పెట్టిన పోటీలో గంటకు 87 మైళ్ళ వేగంతో, అంటే దాదాపు 140 కిలోమీటర్లతో బంతి విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. ఆ ఏడాదే అతనితోనూ ఆ పోటీలోనే దొరికిన దినేశ్ పటేల్‌తోనూ పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే అమెరికన్ జట్టు ఒప్పందం చేసుకుంది. మీవాడు చూసిన కథ అక్కడే ముగిసి ఉంటుంది. నేను మిగిలిన సగం చెబుతాను. దినేశ్‌ను 2010లో పంపించేశారు. రింకూ ఎడమచేతి రిలీఫ్ పిచర్‌గా కింది మెట్లు ఎక్కుతూ 2012లో వెస్ట్ వర్జీనియాలో సింగిల్-ఎ అనే దిగువ స్థాయి దాకా ఆడాడు. తర్వాత చెయ్యి దెబ్బతింది. 2018లో కుస్తీ ప్రదర్శనల్లోకి వెళ్ళిపోయాడు. అన్నిటికన్నా పై మెట్టైన మేజర్ లీగులో ఒక్క బంతి కూడా వేయలేదు. అతన్ని తక్కువ చేసి అనడం లేదు, అంతవరకు వెళ్ళడమే గొప్ప.

ఇక పదిహేను బంతుల సంగతి. దీన్ని ఆఖరి ఓవర్ల బౌలరుతో పోల్చకండి. మన బౌలరు మొదట రెండు ఓవర్లు వేసి, మళ్ళీ చివర్లో రావచ్చు. అక్కడ ఒకసారి బయటికి తీస్తే ఆ రోజుకు మళ్ళీ రానివ్వరు. రిలీఫ్ పిచర్లు మైదానం అంచున బుల్‌పెన్ అనే ఆవరణలో కూర్చుంటారు. అక్కడ ఫోను మోగితే లేచి చెయ్యి వేడెక్కేదాకా విసరాలి. ఇంతలో ముందున్నవాడు నిలదొక్కుకుంటే ఇతను మళ్ళీ కూర్చోవలసిందే. ఆ విసిరిన బంతులు స్కోరు పుస్తకంలో ఎక్కడా ఉండవు, భుజానికి మాత్రం తెలుసు. ఆ పదిహేను బంతుల వెనుక ఇదంతా ఉంది.

ఇంకో విషయం. చిన్నప్పటి నుంచి రిలీఫ్ పిచర్ అవుదామని బయలుదేరినవాళ్ళు అరుదు. ఎక్కువ మంది ఆట మొదలుపెట్టే స్టార్టర్‌గా నిలవలేక అటు వచ్చినవాళ్ళే. అందరిలోకీ గొప్పవాడు మరియానో రివేరా కూడా అంతే. పనామాలో జాలరి పల్లెలో పెరిగాడు, తండ్రి చేపల పడవ నడిపేవాడు. 1995లో న్యూయార్క్ యాంకీస్ అతనికి స్టార్టర్‌గా పది ఆటలు ఇస్తే బాగా దెబ్బలు తిన్నాడు. మరుసటి ఏడాది రిలీఫ్‌లో కుదురుకున్నాడు. 1997లో సహచరుడితో ఊరికే బంతి విసురుకుంటూ ఉండగా అది చివరి క్షణంలో పక్కకు కోయడం మొదలుపెట్టింది. దాన్ని కట్టర్ అంటారు. ఆ ఒక్క బంతితోనే 2013 దాకా బతికాడు, 652 సేవ్‌లు, అంటే చివర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడి గెలిపించిన ఆటలు. ఆ బంతికి బ్యాట్లు ఎన్ని విరిగాయంటే, అతను విరమించుకునే ఏడాది మిన్నెసోటా జట్టు విరిగిన బ్యాట్లతో ఊగే కుర్చీ చేసి బహూకరించింది. 2019లో ఆటలోని గొప్పవాళ్ళకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవానికి ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా ఎన్నికైన మొదటివాడు అతనే.

అంతటివాడూ 2001లో మేజర్ లీగు విజేతను తేల్చే ప్రపంచ సిరీస్ ఏడో ఆటలో, ఒక్క పరుగు ఆధిక్యం చేతిలో పెట్టుకుని, చివరి ఇన్నింగ్స్‌లో ఓడిపోయాడు. ఎదుటి జట్టు బ్యాటరు గొంజాలెజ్ బ్యాటుకు సరిగా తగలని బంతి ముందుకు జరిగి నిలబడ్డ ఫీల్డర్ల తల దాటి మెల్లగా పడింది. నాకు ఆ బాధ కొంచెం తెలుసు. 1986లో మిల్లు కాలనీ మైదానంలో ఆఖరి ఓవరు నాకిచ్చారు, ఆఖరి బంతికి ఎడ్జ్ తగిలి ఫోరు పోయింది. తిరుగు ప్రయాణం బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. వారం దాకా నేను బంతి ముట్టుకోలేదు. ఈ ఉద్యోగంలో మర్నాడే ఫోను మోగవచ్చు. మీవాడి విసురు గురించి కాదు, వాడి కోపం ఎన్ని గంటలు ఉంటుందో చెప్పండి.

డబ్బు మాటకొస్తే, మేజర్ లీగులో 2025లో కనీస జీతం ఏడాదికి 7,60,000 డాలర్లు. సింగిల్-ఎ స్థాయిలో 2023 ఒప్పందం తర్వాత కూడా సుమారు 26,000 డాలర్లే, అంతకుముందు అందులో సగం కూడా లేదు. పైకి వెళ్ళినవాణ్ణి కూడా ఒకే సీజనులో ఐదుసార్లు కిందికి పంపవచ్చు. ఎడమచేతివాళ్ళకు ఒకప్పుడు ఒకే ఒక్క ఎడమచేతి బ్యాటరు కోసం వచ్చి వెళ్ళే కొలువు ఉండేది. 2020 నుంచి కనీసం ముగ్గురికి వేయాలన్నారు, లేదా ఆ ఇన్నింగ్స్ ముగియాలి. ఆ కొలువూ పోయింది.

పట్టుపంచె (బరంపురం):

అన్నయ్యా, నేను ఫిజియోథెరపిస్టును. రాళ్ళు విసరడం ముందు మాన్పించండి. బేస్‌బాల్ పిచర్లకు మోచేతి లోపలివైపు ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు తెగుతుంది. శరీరంలో ఇంకోచోటి నుంచి స్నాయువు తీసి అక్కడ కుడతారు. 1974లో టామీ జాన్ అనే పిచరుకు మొదట చేశారు, అతని పేరే ఆ ఆపరేషనుకు పడింది. కోలుకోవడానికి ఏడాది పైనే. మాస్టారు చెప్పిన లెక్కలో ఆ ఏడాది కూడా కలుపుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మాస్టారూ, వాడికి మీరు రాసిందంతా చదివి వినిపించాను. విరిగిన బ్యాట్ల కుర్చీ దగ్గర నవ్వాడు, జీతం దగ్గర నవ్వలేదు. కోపం సంగతి అక్కను అడిగితే, అన్నం మీద అలిగితే రెండు రోజులట. ఇప్పుడు వాడు టేపు తెచ్చి దుకాణం వెనుక 60 అడుగుల 6 అంగుళాలు కొలిచాడు. క్రికెట్ పిచ్ కన్నా దగ్గరే ఉందని వాడికి ధైర్యం. ఒక ఆదివారం గుణుపురం మీదుగా బస్సులో మీ దగ్గరికి తీసుకురానా?

డ్రిల్లు మాస్టారు (రాయగడ):

తీసుకురండి. పలాస పని మాత్రం వదులుకోనివ్వకండి, ఆదివారాలు ఎలాగూ సెలవే కదా. ఒక చిక్కు ఉంది. ఎడమచేత్తో విసిరేవాడికి గ్లవ్ కుడిచేతికి కావాలి. నా పెట్టెలో ఉన్న నాలుగూ ఎడమచేతివే. బరంపురంలో ఎవరి దగ్గరైనా ఉందేమో పట్టుపంచె గారు కనుక్కోగలరా?